మురికి సీసాల అర

ఆయనకు ఛీఛీ మేస్త్రి అని పేరు పెట్టిందెవరో గానీ, పుట్టినప్పుడు పెట్టిన పేరు కంటే అదే బాగా అతికింది. గాలి గన్నులు బాగుచేయడం ఆయన పని. లారీ చక్రం నట్లను చేత్తో విప్పాలంటే పొడవాటి రెంచి మీద మనిషి ఎక్కి గెంతాలి. కంప్రెసర్ గొట్టం తగిలించిన గాలి గన్ను అయితే టకటకమని రెండు క్షణాల్లో ఊడదీస్తుంది, మరో రెండు క్షణాల్లో బిగిస్తుంది. అంత ఉపకారం చేసే పనిముట్టును జనం ఎంత రోతగా వాడతారో తెలియాలంటే మేస్త్రి గదిలో ఓ పూట కూర్చోవాలి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, గన్ను దాని మీద పెట్టి, నాలుగు బోల్టులు విప్పి మూత తీయగానే ఆయన నోట వచ్చే మొదటి మాట "ఛీ". రెండోది కూడా అదే.

అనకేం చేస్తాడు పాపం. కంప్రెసర్ ట్యాంకులో గాలితోపాటు నీళ్ళు చేరతాయి. రోజూ పొద్దున్నే అడుగున ఉన్న కుళాయి తిప్పి వాటిని వదిలేయాలి. వదిలేవాడు నూటికొక్కడు. ఆ నీళ్ళు గన్నులోకి వచ్చి తుప్పుతో కలిసి బంకగా మారతాయి. గన్నుకు పోయాల్సిన పల్చటి నూనె బదులు ఒకడు లారీలోంచి తీసిన మాడిన నూనె పోస్తాడు. ఒకడు తలకు రాసుకునేది పోస్తాడు. వంటింట్లో వేయించగా మిగిలినది తెచ్చి పోసిన మహానుభావుడు కూడా ఉన్నాడు. ఆ గన్ను విప్పిన రోజు మేస్త్రి మధ్యాహ్నం భోజనం మానేశాడు.

ఆ మురికిని అందరిలా పారేస్తే ఆయన ఛీఛీ మేస్త్రి ఎందుకవుతాడు? చెంచాతో గీకి గాజు సీసాలో వేసి, మూత బిగించి, మీద తెల్ల కాగితం అతికించి, ముత్యాల్లాంటి అక్షరాలతో అది ఎవరి పుణ్యమో రాసి, గుమ్మానికి ఎదురుగా ఉన్న అరలో నిలబెడతాడు. "లారీ టైర్ల కొట్టు: కంప్రెసర్ నీళ్ళు, తుప్పు." "పాత కార్ల షెడ్డు: వంటనూనె." "క్రేన్ల యార్డు: బొద్దింక, కాళ్ళతో సహా." అలాంటివి ముప్ఫై ఏడు సీసాలు. అన్నీ వంటింట్లోంచి ఎత్తుకొచ్చినవే కాబట్టి భార్య ఉప్పూ పంచదారా ప్లాస్టిక్ డబ్బాల్లో పోసుకుని కాలం గడుపుతోంది.

గన్ను తీసుకెళ్ళడానికి వచ్చినవాడు ముందు తన సీసా చూసుకోవాల్సిందే. లారీ టైర్ల కొట్టాయన నిలువెత్తు మనిషి, లారీ టైరును ఒంటిచేత్తో దొర్లించగలడు. అలాంటివాడు కూడా ఆ గదిలోకి వస్తే అరకు వీపు పెట్టి నిలబడతాడు. "మేస్త్రీ, కొత్తల్లుడు చూశాడయ్యా. ఆ సీసా తీసేయవయ్యా" అని ఓసారి బతిమాలాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ట్యాంకు నీళ్ళు రోజూ వదిలితే నీ పేరు అక్కడెందుకుంటుంది?" అని మేస్త్రి సీసాను ఇంకో అంగుళం ముందుకు జరిపాడు.

లోకంలో అందరికంటే మేస్త్రికి ఎక్కువ అసహ్యం ఎవరంటే భార్య తమ్ముడు. ఆయన వాణ్ణి 'జిడ్డు' అని పిలుస్తాడు. రెండు వీధుల అవతల ప్రైవేటు బస్సుల షెడ్డులో చక్రాలు విప్పి బిగించే ఫిట్టరు జిడ్డు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని, ఇంకోటి రాదు. గోళ్ళ నిండా నలుపు. చొక్కా అసలు రంగేదో వాడికే గుర్తులేదు. చేతులు తుడుచుకోవడానికి దగ్గర్లో ఏది ఉంటే అదే గుడ్డ: చొక్కా అంచు, కిటికీ పరదా, ఒకసారి గుమ్మంలో నిద్రపోతున్న పిల్లి.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి జిడ్డు వచ్చాడు. చంకలో తువ్వాలు చుట్టిన గన్ను, మొహాన నెత్తురు చుక్క లేదు.

"బావా, నా ఉద్యోగం పోయేట్టుంది."

"ముందు ఆ చెయ్యి గోడ మీంచి తియ్యి" అన్నాడు మేస్త్రి.

జిడ్డు చెయ్యి తీశాడు. గోడ మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. మేస్త్రి వాటి వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. మాటలు విని భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

జరిగింది ఇదీ. నిన్న ఉదయం జిడ్డు చక్రం మార్చిన బస్సు ఒకటి నలభై మందితో బయల్దేరింది. ఊరు దాటాక వెనక చక్రం దగ్గర దడదడమని చప్పుడు. డ్రైవరు తెలివైనవాడు కాబట్టి వెంటనే పక్కకు ఆపాడు. దిగి చూస్తే పది నట్లలో మూడు లేవు, మిగతా ఏడూ వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు గానీ, ఇంకో రెండు మైళ్ళు పోయుంటే ఏమయ్యేదో తలచుకుని డ్రైవరు రాత్రంతా నిద్రపోలేదట.

"నేను బిగించలేదంటున్నాడు మేనేజరు. బిగించాను బావా. గన్నులో దమ్ము లేదు. మూడు రోజుల నుంచీ చెప్తూనే ఉన్నా, చప్పుడుంది గానీ దమ్ము లేదని. ఇవాళ సాయంత్రం ఐదింటికి యజమానురాలు వస్తారు. గన్ను సంగతి నువ్వు ఏం రాసిస్తే అదే ఖాయం అన్నాడు మేనేజరు. నిర్లక్ష్యం అని రాసి నన్ను పనిలోంచి పంపేస్తే, ఈ చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ నన్ను చక్రం ముట్టుకోనివ్వరు."

"మరి బిగించాక చేత్తో చూసుకోవద్దా?"

జిడ్డు నీళ్ళు నమిలాడు. "ఆ ఒక్క చక్రం చూడలేదు బావా. ఆరు బస్సులు వరసగా బయల్దేరాలి. టైమ్ లేదు."

మేస్త్రికి మూడు రోజుల కిందటి ఫోను గుర్తొచ్చింది. గన్ను బాగాలేదంటున్నాడు మీ బావమరిది అని మేనేజరు అడిగితే, చేతిలో పని ఆపకుండానే, "గన్నుకేం లోటు లేదండీ. వారం కిందటే నా చేతుల మీదుగా వెళ్ళింది. పట్టుకున్న చేతికే లోటు" అన్నాడు. ఆ మాట తనకే ఎంతో బాగుందనిపించి, ఆ రోజంతా తలచుకుని మురిసిపోయాడు.

"వీడు చేసిన వెధవపనేదో లోపలే ఉంటుంది. సాక్ష్యం బల్ల మీద పెడతాను" అని ఆయన లేచి, వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన ఒకే ఒక్క గాజు సీసా ఖాళీ చేసి తెచ్చాడు. కాగితం కత్తిరించి "బస్సుల షెడ్డు: జిడ్డు" అని రాసి అతికించాడు. గన్ను ఇంకా తువ్వాలులోనే ఉంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది భార్య.

"మూత తీశాక చూలు సంగతి నువ్వే చూస్తావుగా" అన్నాడు మేస్త్రి.

గన్నుకు గొట్టం తగిలించి మీట నొక్కాడు. గుయ్యిమని తిరిగింది. గాలిలో తిరగడానికేం, ఎంత నీరసం గన్నయినా తిరుగుతుంది. బల్లకు బిగించి ఉన్న పరీక్ష నట్టు మీద పెట్టి నొక్కాడు. టక, టక, టక... ముసలివాడు మెట్లెక్కినట్టు నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. జిడ్డు బావ మొహంలోకి ఆశగా చూశాడు. ఆ ఆశ చూస్తే మేస్త్రికి ఒళ్ళు మండింది.

"దమ్ము లేదు, నిజమే. ఎందుకు లేదన్నదే ప్రశ్న. ట్యాంకు నీళ్ళెప్పుడు వదిలావు?"

"రోజూ పొద్దున్నే."

"నూనె?"

"నువ్విచ్చిందే. రోజుకు నాలుగు చుక్కలు."

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి. పద షెడ్డుకి."

షెడ్డులో మేస్త్రి మునివేళ్ళ మీద నడిచాడు. నేల మీద నూనె పొరలు పొరలుగా పేరుకుని చెప్పులు పట్టి లాగుతోంది. తాగేనీళ్ళ కుండ పక్కనే బ్రేకులు కడిగే తొట్టి, తొట్టి మీద బోర్లించిన గ్లాసు. గోడవార కంప్రెసర్. మేస్త్రి జేబులోంచి శుభ్రమైన గుడ్డ తీసి, దాంతో ట్యాంకు కుళాయి పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని తిప్పాడు. గోధుమరంగు నీళ్ళు ఎగజిమ్ముతాయని ఆయనకు గట్టి నమ్మకం. బుస్సుమని పొడి గాలి వచ్చింది. చుక్క నీళ్ళు లేవు. గుడ్డ అడ్డం పెట్టాడు. గుడ్డ తడవలేదు.

గొట్టం చివర మీటరు పెట్టి చూశాడు. గాలి ఎంత రావాలో అంతా వస్తోంది. గొట్టంలో చిల్లు లేదు, గన్ను మూతి దగ్గర జల్లెడ మూసుకుపోలేదు. ఇక నూనె డబ్బా. దుమ్ము పడకుండా దానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, దారంతో కట్టి ఉంది. ఆ షెడ్డు మొత్తం మీద శుభ్రంగా ఉన్న వస్తువు అదొక్కటే.

"దుమ్ము పడితే చంపుతానన్నావు కదా బావా" అన్నాడు జిడ్డు.

మేస్త్రి సంచి మళ్ళీ తొడిగి దారం కట్టాడు. ఇంతలో మేనేజరు గదిలోకి రమ్మని కబురు పంపాడు.

ఆ గదిలో బల్ల మీద అద్దం, అద్దం మీద టీ గ్లాసుల మరకలు గొలుసుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. గ్లాసులో అడుగున మిగిలిన టీలో రెండు ఈగలు. మేనేజరు ఒక తాళంచెవి చెవిలో పెట్టి హాయిగా తిప్పుకుంటూ, దాన్ని బయటికి తీసి చూసి, కుర్చీ చేతికి రాసి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. వెనకాల ఇనుప అలమార, దానికి కప్పంత తాళం. నట్టు సరిగ్గా బిగియగానే టక్కుమని చెప్పే టార్క్ రెంచి ఆ అలమారలో ఉంటుందని షెడ్డులో అందరికీ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం తక్కువ. బయట పెడితే పాడుచేస్తారని లోపల పెట్టించాడు.

"రండి మేస్త్రి గారూ. రెండు ముక్కలు రాయండి చాలు. గన్ను కండిషన్‌లో ఉంది, వాడినవాడి నిర్లక్ష్యం అని. సొంత బావమరిదైనా న్యాయం చెప్పాడని మీకే పేరొస్తుంది."

"ఇంకా విప్పలేదు."

"విప్పడమెందుకండీ చేతులు పాడు చేసుకుని? ఒకవేళ గన్నుదే తప్పనుకోండి. పది రోజుల కిందట బాగుచేసిందెవరు అని అమ్మగారు అడుగుతారు. అలమారలో రెంచి ఎందుకు పెట్టావని నన్నడుగుతారు. మనిద్దరికీ ఎందుకొచ్చిన గొడవ?" అని మేనేజరు చేయి చాచి మేస్త్రి భుజం తట్టాడు. చెవిలో తాళంచెవి తిప్పిన చెయ్యే అది.

మేస్త్రికి భుజం మీద ఏదో పాకినట్టయింది. 'మనిద్దరికీ' అన్న మాట అంతకంటే ఎక్కువ పాకింది. "నా పనిలో లోటుందని ఎవడన్నాడు?" అని లేచి వచ్చేశాడు. దారిలో పంపు కనిపిస్తే భుజం మీద నీళ్ళు చల్లుకున్నాడు. జిడ్డు వెనకే నడిచాడు.

ఇంటికి రాగానే భార్య తమ్ముణ్ణి అన్నానికి లోపలికి తీసుకెళ్ళింది. మేస్త్రి చేతులు కడుక్కుని, తెల్లగుడ్డ మార్చి, గన్ను విప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు బోల్టులు. మూత తీశాడు.

'ఛీ' అందామని తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. లోపల అద్దంలా ఉంది. తుప్పు లేదు, బంక లేదు, నీటి చుక్క లేదు. పల్చటి మంచి నూనె పొర మాత్రం నీలంగా మెరుస్తోంది. ముప్ఫై ఏడు సీసాల వాళ్ళలో ఒక్కడూ గన్నును ఇలా ఉంచుకోలేదు.

నట్టు మీద దెబ్బ కొట్టే సుత్తి భాగం చూశాడు. అరగలేదు. ఇక మిగిలింది గాలి తిప్పే భాగం. గన్ను మధ్యలో ఒక లావుపాటి ఇనుప కడ్డీ ఉంటుంది, దానికి ఆరు గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో పల్చటి రెక్క. గాలి తోసినప్పుడు రెక్కలు గాడుల్లోంచి బయటికి జారి చుట్టూ ఉన్న గోడకు ఆనాలి. అప్పుడే గాలి బలమంతా కడ్డీకి ఎక్కుతుంది. రెక్క ఇరుక్కుపోతే గాలి పక్కనుంచి జారిపోతుంది. చప్పుడుంటుంది, దమ్ముండదు. అచ్చం జిడ్డు చెప్పినట్టే.

ఆరింటిలో నాలుగు ఇరుక్కుపోయి ఉన్నాయి.

పట్టకారుతో ఒకటి లాగాడు. అంచు నానిన అట్టముక్కలా విచ్చుకుని ఉంది. గుడ్డ పొరలను జిగురుతో అతికించి, గట్టిగా అదిమి చేసే రెక్కలవి. జిగురు వదిలేసింది, పొరలు ఉబ్బాయి. అరగడం కాదిది. నూనె చేసే పనీ కాదు, నీళ్ళు చేసే పనీ కాదు. పదిరోజుల కిందట కొత్త రెక్కలు వేసింది తానే.

మేస్త్రి తల మెల్లగా గది మూలకు తిరిగింది. మూల ఒక తొట్టి ఉంది. అందులో ఉన్నది పోయిన నెల తెప్పించిన కొత్త ద్రావకం, నీళ్ళలా తెల్లగా, నిమ్మకాయ వాసనతో. ఎంతటి జిడ్డునైనా గంటలో వదిలించేస్తుంది. దాన్ని చూసి మేస్త్రి మనసు ఎంతగా పడిపోయిందంటే, విప్పిన ప్రతి ముక్కనూ అందులో వేస్తున్నాడు. పాత ముక్కలే కాదు. కొత్త రెక్కలకు కూడా ఫ్యాక్టరీవాడి చేతి జిడ్డు అంటుకుని ఉంటుందని, వాటిని కూడా రాత్రంతా నానబెడుతున్నాడు. బుద్ధున్నవాడెవడూ కొత్త రెక్కను కడగడు. ఆయన కడిగాడు. బిగించిన రోజు పరీక్ష నట్టు మీద గన్ను బాగానే కొట్టింది. జిగురు మెత్తబడ్డ సంగతి లోపల తిరిగి తిరిగి వేడెక్కాక గానీ బయటపడలేదు.

తొట్టిలోంచి ఒక రెక్క తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పొరలు ఒకదాని మీద ఒకటి జారాయి.

ద్రావకం డబ్బా తీసి చూశాడు. దాని మీద తన ముత్యాల అక్షరాలే ఉన్నాయి: "శుభ్రం చేసేది." ఫ్యాక్టరీ కాగితం లేదు. దాని జిగురు వేళ్ళకు అంటుకుంటోందని మొదటిరోజే చిరాకేసి గీకి పారేశాడు. తన గోడ అలమారలో విప్పని డబ్బా ఇంకొకటుంది. దాని మీది కాగితం కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. లోహ భాగాలకు మాత్రమే. రబ్బరు, ఫైబరు, జిగురు భాగాలకు తగలనివ్వరాదు.

ఆయన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిమ్మకాయ వాసన. నెల్లాళ్ళుగా ఎంతో ఇష్టపడ్డ వాసన. ఒక్కసారి డోకు వచ్చింది. పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. సబ్బుతో చేతులు మూడుసార్లు కడిగాడు. ఎంత కడిగినా ఆ శుభ్రం వాసన వదల్లేదు.

తిరిగొచ్చి తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూర్చున్నాడు. గదిలో ఎవరూ లేరు. సొరుగులో కొత్త రెక్కల పొట్లం ఉంది. పది నిమిషాల పని. పాతవి పొయ్యిలో వేస్తే సాక్ష్యం ఉండదు. గన్ను పులిలా కొడుతుంది. అప్పుడు 'గన్ను కండిషన్‌లో ఉంది' అని రాస్తే అక్షరం కూడా అబద్ధం కాదు. మేనేజరు చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టనిపించింది. ఇంత నీచమైన ఆలోచన ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందా అని ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

భార్య టీ తెచ్చింది. బల్ల మీది రెక్కనూ, మొగుడి మొహాన్నీ చూసింది.

"దొరికిందా వాడి తప్పు?"

మేస్త్రి అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, "నాదే" అన్నాడు.

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఫోన్లో అన్న మాట మేనేజరు షెడ్డంతా చెప్పి నవ్వించాడట. పట్టుకున్న చేతికే లోటని. వాడు మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఇప్పుడు కూడా కెలికి వదిలేశాడు" అంది. "వాడి చొక్కా మీదే గదండీ మురికి. ఏం రాస్తారో రాయండి. కానీ వాణ్ణి ముంచారంటే, ఈ ఇంట్లో మీ తెల్లగుడ్డలు నేను ఉతకను."

గురివిందకు తన నలుపు తెలియదంటారు. తెలిసిన గురివింద పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. మేస్త్రి టీ ముట్టుకోలేదు. వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. ఈ ద్రావకం వచ్చాక ఎన్ని గన్నులు బయటికి వెళ్ళాయి? బస్సుల షెడ్డు ఒకటి. లారీ టైర్ల కొట్టు, క్రేన్ల యార్డు, పాత కార్ల షెడ్డు, ట్రాక్టర్ల మెకానిక్కు. అంటే ఇంకో నాలుగు గన్నులు. ఒక్కొక్కటీ రోజుకు ఎన్ని చక్రాలు బిగిస్తుంది? ఆయన లేచి నిలబడ్డాడు.

ఖాళీ సీసా మీద "జిడ్డు" అన్న కాగితాన్ని నానబెట్టి ఒలిచేశాడు. గన్నులో గీకడానికి మురికి లేదు కాబట్టి తొట్టిలోంచి ఆ తెల్లటి ద్రావకం సీసా నిండా పోశాడు, గన్నులోని ఆరు రెక్కలూ అందులో వేశాడు. కొత్త కాగితం మీద తన ఊరూపేరూ కాకుండా, అందరూ వెనకాల పిలిచే పేరే రాశాడు. "ఛీఛీ మేస్త్రి: సొంత తెలివి." అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. లారీ టైర్ల కొట్టు సీసా పక్కన, ముందు వరసలో పెట్టాడు.

ఐదింటికి షెడ్డు ముందు బస్సు నీడలో యజమానురాలు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మనిషి, మాట తక్కువ. ఫిట్టర్లందరూ చుట్టూ చేరారు. మేనేజరు మేస్త్రి చేతిలో కాగితం చూసి, "ఇటివ్వండి, నేను చదువుతాను" అన్నాడు.

"నా తప్పు నేనే చదువుకుంటాను" అన్నాడు మేస్త్రి.

చదివాడు. గన్నులో దమ్ము లేని మాట నిజమనీ, దానికి కారణం తాను పనికిరాని ద్రావకంలో నానబెట్టిన రెక్కలనీ, ఫిట్టరు మూడు రోజుల ముందే చెప్పాడనీ, తాను గన్ను చూడకుండానే వాణ్ణి అవమానించాననీ చదివాడు. ఆఖరి వాక్యం మాత్రం జిడ్డు వైపు తిరిగి చదివాడు. "ఈ షెడ్డులో కంప్రెసరునూ నూనెడబ్బానూ ఇతను ఉంచినట్టు నా వాడకందార్లలో ఎవరూ ఉంచలేదు." జిడ్డు నేల చూపులు చూస్తూ చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

మేనేజరుకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "అయినా అమ్మగారూ, చేత్తో చూసుకోవాల్సింది కదా వీడు..."

"దేంతో చూసుకోవాలి?" అంది యజమానురాలు. "టార్క్ రెంచి కొనిచ్చాను. ఏదీ?"

అలమార దగ్గరికి వెళ్ళారు. మేనేజరు గుత్తిలో ఉన్న తాళంచెవులన్నీ పెట్టి చూశాడు, చెవిలో తిప్పుకున్నదాంతో సహా. ఒక్కటీ పట్టలేదు. అసలు తాళంచెవి ఏడాది కిందటే పోయిందని చివరికి గొణిగాడు. జిడ్డు సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాడు. రెంచి పెట్టెలోనే ఉంది, కొన్ననాటి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.

యజమానురాలు దాన్ని తీసి జిడ్డు చేతిలో పెట్టింది. "ఇవాళ్టి నుంచి ఇది నీ దగ్గరుంటుంది. ప్రతి నట్టూ దీంతో చూడు. బస్సు ఆలస్యమైతే నన్నడగమను." తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "మా గన్నులు ఇక మీ దగ్గరికి రావు."

"న్యాయమే" అన్నాడు మేస్త్రి. ఈ సంగతి పొద్దుగూకేలోపు అన్ని షెడ్లకూ తెలుస్తుంది.

బయటికొచ్చాక జిడ్డు తన స్కూటరు తీశాడు. "ఇంటికేనా బావా?"

"కాదు. ఇంకో నాలుగు గన్నులున్నాయి. ముందు లారీ టైర్ల కొట్టు."

స్కూటరు సీటు చిరిగి, లోపలి స్పాంజి నూనె తాగి నల్లగా ఉంది. మేస్త్రి ఒక్క క్షణం ఆగి ఎక్కాడు. గతుకు రాగానే పడబోయి జిడ్డు చొక్కా పట్టుకున్నాడు. చెయ్యి జారింది. ఈసారి గట్టిగా పట్టుకున్నాడు.

టైర్ల కొట్టు ముందు ఒక లారీ అప్పుడే జాకీ దిగి బయల్దేరబోతోంది. మేస్త్రి పరిగెత్తి దాని ముందు నిలబడి చేతులు అడ్డం పెట్టాడు. డ్రైవరు బండబూతులు తిట్టాడు. కొట్టాయన బయటికొచ్చాడు. మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. జిడ్డు కొత్త రెంచితో కూర్చుని చక్రం చుట్టూ చూశాడు. మొదటి నట్టు దగ్గరే టక్కు రావడానికి బదులు రెంచి సగం చుట్టు తిరిగింది. రెండోది అంతకంటే ఎక్కువ తిరిగింది.

లారీ డ్రైవరు తిట్టడం ఆపి, దిగి వచ్చి, చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

కొట్టాయన మేస్త్రి వైపు తిరిగాడు. "మేస్త్రీ, నా సీసా ఇంకా అక్కడే ఉందా?"

"ఉంది. దాని పక్కన ఇవాళ నాది పెట్టాను. వచ్చి చూడు. మీ అల్లుణ్ణి కూడా తీసుకురా."

కొట్టాయన నవ్వలేదు. కిందికి వంగి, తిరిగి బిగించడానికి ఊడదీసిన నట్లు వేసిన డబ్బాలో చెయ్యి పెట్టి, గ్రీజు కారుతున్న నట్టు ఒకటి తీసి, మేస్త్రి తెల్లటి అరచేతిలో పెట్టాడు.

"పట్టుకో. ఈ లారీకే ఇంకా తొమ్మిది చక్రాలున్నాయి."

మేస్త్రి పట్టుకున్నాడు.